దోమ మీదికి నెట్టిన బొడిపె

టైలరమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పాలు తెచ్చి కాఫీ తాగడం, టాక్సీ ఎక్కడం, పరిశోధన కేంద్రంలో ఎడమ చెయ్యి చూపించడం. టీబీ వచ్చి నయమైనవాళ్ల ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తోందో అక్కడ చూస్తున్నారు, కొత్త టీకా కోసం. మొన్న ముంజేతికి సూది వేశారు. అక్కడ లేచిన బొడిపెను ఈ పూటే కొలవాలి. పూట దాటితే ఆవిడ పేరు కొట్టేస్తారు. ఆ పేరు రాయించుకోవడానికి ఇంట్లో ఆవిడ చేసిన యుద్ధం ఇంతా అంతా కాదు.

అదే ఇంట్లో ఉండే వదినగారికి టీబీ అన్న మాట వింటేనే పరువు పోయినట్టుంటుంది. పాలకని ఇద్దరూ దిగుతుంటే మెట్ల మీద అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఎదురయ్యాడు.

"చేతికేమైందమ్మా?"

టైలరమ్మ నోరు విప్పేలోపే వదిన అందుకుంది. "దోమ కుట్టిందండీ."

"ఇంత బొడిపా! అదేం దోమండీ?"

"కాస్త పెద్దదేనండీ," అంది వదిన, వెనక్కి తగ్గే దారిలేక.

సెక్రటరీకి పని లేదు, ఫోను ఉంది. కాఫీ పూర్తయ్యేసరికి పై అంతస్తులో దోమ పిచ్చుకంత అయింది. ఏడాదిగా బతిమాలినా రాని మున్సిపాలిటీ దోమల పొగబండి ఆ రోజే వచ్చి నిలబడింది. దోమ పక్క బిల్డింగుకి పారిపోకూడదని సెక్రటరీ గేటుకి తాళం వేసేశాడు. పొగకి జనమంతా దగ్గుకుంటూ ఆవరణలోకి వచ్చిపడ్డారు. గేటు బయట టాక్సీ హారన్ కొడుతోంది.

"తాళం తియ్యండి, నేను వెళ్లాలి," అంది టైలరమ్మ.

"దోమల సంగతి తేలేదాకా కుదరదమ్మా."

వదిన వెనకనుంచి గిల్లింది. ఆ గిల్లుడుతో టైలరమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

"దోమా లేదు, గీమా లేదు! ఇది సూది వేసిన చోటు. నాకు టీబీ వచ్చింది, మందులు మింగాను, తగ్గింది. దాచుకోవడానికి నేనేం దొంగతనం చేశానా? రేపు ఇంకొకరికి రాకుండా టీకా కనిపెడతామంటే చెయ్యిచ్చాను. తియ్యండి తాళం!"

జనం గబుక్కున వెనక్కి జరిగారు, దగ్గుతూనే.

"ఇక్కడ దగ్గని మనిషిని నేనొక్కదాన్నే. నన్ను చూసి మీరు జరుగుతున్నారా?"

వదిన తల దించుకుంది. సెక్రటరీ తాళం తీశాడు. తీసినవాడు అక్కడ ఆగలేదు, టాక్సీ దాకా వెంట వచ్చాడు.

"అమ్మా, నా దగ్గు ఈ పొగతో వచ్చింది కాదు. చాలా వారాల్నించీ ఉంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు వెళ్లే చోట చూస్తారంటారా?"

టైలరమ్మ కోపం చల్లారిపోయింది. "ఎందుకు చూడరు? ఎక్కండి. నోటికి రుమాలు అడ్డం పెట్టుకోండి, కిటికీ అద్దం దించండి."

డ్రైవరు అద్దంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ పేషెంటు ఎవరండీ?"

"ఈయన సంగతి పరీక్షలో తేలుతుంది," అంది టైలరమ్మ. "నేను మాత్రం డ్యూటీకి వెళ్తున్నాను."