ఫిర్యాదులేని ఆకు

సోమవారం నుంచి ప్రతి బడిలోనూ మధ్యాహ్న భోజనంలో చారల ఆకు వడ్డిస్తామని పోషకాహార మంత్రిగారు ప్రకటించారు. నోటితో కాదు. నోరు వాచి ఉన్నందువల్ల కాగితం మీద రాసి చూపించారు. అంత బాధలోనూ పిల్లల గురించే ఆలోచించే మహానుభావుడి బంగళాలో తోటమాలిగా ఉన్నందుకు నేను పొంగిపోవాలి. కానీ మా మనవరాలు చదివేది ఈ వీధి చివరి బడిలోనే.

చారల ఆకు అందానికి పెంచేది. వరండాలో నలభై కుండీలున్నాయి. వాటిని కత్తిరించేటప్పుడు నేను చేతికి గుడ్డ చుట్టుకుంటాను. మేకలు కూడా వాసన చూసి పక్కకి పోతాయి. మొన్న విందులో వంటాయన, చూడ్డానికి బావుంటుందని మంత్రిగారి పళ్ళెం అంచున రెండాకులు పెట్టాడు. మంత్రిగారు ఫోన్లో మాట్లాడుతూ ఒకటి నమిలేశారు.

తమరు తిన్నది అలంకరణ అని ఆయనకి ఎవరు చెబుతారు? పక్కనే ఉన్న డైరెక్టరుగారు సర్వీసులో తల పండిన మనిషి. ఏమీ ఎరగనట్టు రెండో ఆకు తాను నోట్లో వేసుకుని, "కొత్త ఆకుకూర సార్. మన తోటదే," అన్నారు. ఆ వారానికి అదే ఆయన ఆఖరి మాట. మంత్రిగారు ఏదో అనబోయారు, నాలుక తిరగలేదు. నీళ్ళు నిండిన కళ్ళతో తలూపారు. ఆయన తలూపితే ఫైలు కదిలినట్టే.

వెంటనే నిపుణుల కమిటీ వేశారు. పదిమంది సభ్యులూ తలో ఆకు తిన్నారు. తిన్నవారిలో ఒక్కరూ నోరెత్తి ఫిర్యాదు చెయ్యలేదని రిపోర్టులో రాశారు.

డైరెక్టరుగారు మాట్లాడే స్థితిలో లేరు గనక డిప్యూటీగారి దగ్గరికి పరుగెత్తాను. అది తింటే గొంతు వాస్తుందని, చిన్నపిల్లలకి ఊపిరాడదని చెప్పుకున్నాను. పాపం, ఆయన కసురుకోలేదు. ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నాం, అక్కడికొచ్చి చెప్పమన్నారు.

సేకరణ బంగళా హాల్లోనే. గుమ్మంలోనే ప్రతివారికీ మర్యాదగా ఒక ఆకు తినిపించి లోపలికి పంపారు. నేను మాత్రం తోట సామాన్ల తలుపు గుండా వెళ్ళాను. అభ్యంతరాలుంటే చెప్పమని డిప్యూటీగారు మైకులో మూడుసార్లు అడిగారు. అంత క్రమశిక్షణ గల సభని నేనెన్నడూ చూడలేదు. నేనొక్కణ్ణే లేచాను.

"తిన్నావా?" అన్నారాయన.

"లేదండీ."

"తినకుండానే మాట్లాడతావా? అనుభవం లేనివాళ్ళ అభిప్రాయం రికార్డు చెయ్యడానికి రూల్సు ఒప్పుకోవయ్యా."

మనవరాలి మొహం కళ్ళ ముందు మెదిలింది. ఆకు తీసుకుని నమిలాను.

ఆ తర్వాత సంగతి మీరు పేపర్లో చూసే ఉంటారు. తీర్మానం ఏకగ్రీవం. 'ఆనందంతో కన్నీరు పెట్టుకున్న తోటమాలి' అని ఫొటో వేశారే, అది నేనే. మాట ఇంకా రాలేదు గనక ఇదంతా రాసి పంపుతున్నాను.

ఇవాళ శనివారం. పొద్దున్నే మంత్రిగారి భార్య వరండాలోకి పిలిచారు. మనవణ్ణి చంకలోంచి దించట్లేదు.

"ఈ కుండీలన్నీ తీసెయ్యి. బాబు ఎక్కడ ఆకు నోట్లో పెట్టుకుంటాడోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తిరుగుతున్నాను," అన్నారు.

ఎక్కడికి తీసుకెళ్ళమంటారని చేత్తో అడిగాను.

ఆవిడ బాబుని ఇంకో చంకకి మార్చుకున్నారు.

"వీధి చివర బడి ఉందిగా, అక్కడ ఇచ్చెయ్యి. సోమవారం వాళ్ళకి ఎలాగూ కావాలి."