నేలని ఏ ఆల్బమ్‌లో పెట్టాలి?

డిలీట్ బటన్ కనిపెట్టినవారెవరో నాకు తెలియదు. తెలిస్తే ప్రతి కూడలిలోనూ వారికొక విగ్రహం పెట్టించమని అర్జీ రాసేవాణ్ణి!

మందు కనిపెట్టినవాణ్ణి తలుచుకుంటాం. దీపం కనిపెట్టినవాణ్ణి తలుచుకుంటాం. వేల ఫొటోల కింద పడి నలిగిపోతున్న మనిషిని ఒక్క వేలితో బయటికి లాగినవాణ్ణి మాత్రం ఎవరూ తలుచుకోరు. ఇదేం న్యాయం?

వేలంటే మాటవరసకి అన్నది కాదు. మా ఇంటి కంప్యూటర్లో ముప్పై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు ఫైళ్లు ఉండేవి. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి, అంకె తప్పు చెప్పను. ఇవన్నీ పధ్నాలుగేళ్లలో మా ఆవిడ తన డిజిటల్ కెమెరాతో తీసినవి. ఆవిడ కిందటి ఏడాది పోయింది. ఆ సంగతి ఈ వ్యాసానికి అనవసరం. కెమెరా ఎవరిదని మీరు అడుగుతారేమోనని చెప్పాను.

ఇప్పుడు అవి నాలుగు వేల ఆరు వందల మూడు. అన్నీ ఆల్బమ్‌లలో ఉన్నాయి. ప్రతి ఆల్బమ్‌కీ పేరుంది, ప్రతి ఫొటోకీ తేదీ ఉంది. మా ఇంట్లో పోయిన తాళంచెవి ఎక్కడుందో చెప్పలేను గానీ, పదకొండేళ్ల కిందట మా పెదనాన్న ఏ బండ మీద కూర్చున్నాడో అర నిమిషంలో చూపించగలను.

ఈ మధ్య మా ఐదేళ్ల మనవరాలు ఒక చిన్న కోరిక కోరింది. అమ్మమ్మ ఎలా మాట్లాడేదో మరిచిపోయిందట. ఒక్కసారి వినిపించమంది. సర్దుకున్న ఇంట్లో ఇదెంత పని? చిందరవందరగా ఉన్న ఇంట్లో అయితే వారం పడుతుంది. మా ఇంట్లో ఒక్క నిమిషం చాలు.

ఆ నిమిషం సంగతి తరవాత చెబుతాను. ముందు సర్దడం ఎలాగో వినండి. మీకూ పనికొస్తుంది.

మా ఆవిడ కెమెరా అరచేతిలో పట్టేది. దాని నెత్తిమీద చిన్న చక్రం. ఒకవైపు తిప్పితే ఫొటో, రెండోవైపు తిప్పితే వీడియో. పధ్నాలుగేళ్లలో ఆవిడ ఆ చక్రం వైపు ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. వేలికి ఎటు తగిలితే అటే. అందుకని మా బంధువులంతా ఫొటో అనుకుని బిగుసుకుపోయి నిలబడిన వీడియోలు మూడు వందల పైచిలుకు పోగయ్యాయి.

ఒకటి నాకు బాగా గుర్తు. నాతో కలిపి తొమ్మిదిమంది వరసగా నిలబడ్డారు. ఎవరూ కదలరు. రెప్ప కూడా వెయ్యరు. కెమెరా వెనక నుంచి ఆవిడ గొంతు మాత్రం ఆగదు.

"పిన్నీ, గడ్డం కాస్త పైకెత్తు. ఒరేయ్ తమ్ముడూ, నీ పొట్ట సంగతి అందరికీ తెలుసులే, కాసేపు లోపల దాచుకో. మాస్టారూ, మీరు ఫొటోకి నిలబడ్డారా, పరీక్షకి కాపలా కాస్తున్నారా? నవ్వండి బాబూ, ఎవరూ ఏమీ అనుకోరు... అయ్యో, ఇదేంటే, మళ్లీ వీడియో తిరుగుతోంది!"

అంతే. నలభై సెకన్లు. ఇందులో సమాచారం ఎంత? సున్నా! తొమ్మిదిమంది బొమ్మల్లా నిలబడటం చూడటానికి వీడియో ఎందుకు?

ఇంకో రకం ఉంది. ఆవిడ కెమెరాని ఆపడం మరిచిపోయి తాడుతో మణికట్టుకి వేలాడదీసుకునేది. అది తన మానాన తాను తీస్తూ పోయేది. ఇరవై రెండు నిమిషాల పాటు నేల. మెట్లు, గచ్చు, మళ్లీ మెట్లు, మధ్యమధ్య ఆవిడ చెప్పులు. పైనెక్కడో పక్కింటావిడతో మాట్లాడుతూ ఉంటుంది, నవ్వుతూ ఉంటుంది, అంతలోనే ఎవరి కాలో తొక్కి "అయ్యో, చూళ్లేదండీ" అంటుంది. తలా లేదు, తోకా లేదు. మీరే చెప్పండి, నేలని ఏ ఆల్బమ్‌లో పెట్టాలి?

ఆవిడ పోయాక రెండో నెలలో వేసవి సెలవులు వచ్చాయి. "ఏదో ఒక పనిలో పడండి మాస్టారూ, ఊరికే కూర్చోకండి" అని బడిలో అందరూ చెప్పారు. పడ్డాను.

మొదట కంప్యూటర్ సాయం తీసుకున్నాను. అది ముఖాలు గుర్తుపట్టి తనే ఆల్బమ్‌లు కడుతుందట. ఎంత తెలివి! మా హెడ్మాస్టరు గారినీ, ఆయన వెనక గోడ గడియారాన్నీ ఒకే మనిషిగా లెక్కకట్టింది. ఆలోచిస్తే అదీ నిజమే అనిపించింది. మా బావమరిదిని నలుగురుగా విడగొట్టింది, బరువుని బట్టి కాబోలు. స్టాఫ్‌రూమ్ తలుపు గొళ్లెం చూపించి, వీరెవరని మర్యాదగా అడిగింది. మా ఆవిడ పధ్నాలుగేళ్ల కిందటి ముఖాన్నీ, చివరి నెలల ముఖాన్నీ పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకరేనా అని అడిగింది. అవును, కాదు అని రెండే జవాబులు. నేను కాసేపు లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి వచ్చి, అవును నొక్కాను.

ఇక యంత్రాన్ని నమ్ముకుంటే లాభం లేదని, నాకు తెలిసిన పద్ధతే పట్టాను. మార్కులు వేశాను!

నవ్వకండి. ముప్పై ఒక్క ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాడికి ఇంతకన్నా సులువైన దారి ఏముంది? ప్రతి ఫైలుకీ వందకి మార్కులు. స్పష్టతకి ఇన్ని, వెలుతురుకి ఇన్ని, అందరి కళ్లూ తెరిచి ఉంటే ఇన్ని. ముప్పై అయిదు దాటితే పాస్, ఆల్బమ్‌లోకి ప్రవేశం. లేకపోతే డిలీట్. లెన్సుకి వేలు అడ్డం పడినవి ఫెయిల్. మాట్లాడుతూ నోరు తెరిచినవి ఫెయిల్. నవ్వి నవ్వి ముఖం చెదిరిపోయినవి ఫెయిల్. వీడియోలో కదలిక లేకపోతే ఫెయిల్. కదలిక ఉండీ మనిషి లేకపోతే, అంటే నేల ఉంటే, చెప్పాలా? దయాదాక్షిణ్యాలతో కలిపే మార్కులు ఒక్కటి కూడా వేయలేదు. సొంత ఇల్లని పక్షపాతం చూపిస్తే రేపు పిల్లలకి ఏం ముఖం చూపిస్తాను?

ఈ పనికి ఒక ముఖ్యమైన చిట్కా ఉంది. స్పీకర్ ఆపేయండి. నేను మొదటిరోజు ఆపలేదు. పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే, సాయంత్రానికి ఒక్క ఫైలు కూడా దిద్దలేకపోయాను. ఒకే వీడియో దగ్గర ఆగిపోయాను. మర్నాడు ఆ చిన్న స్పీకర్ గుర్తు మీద గీత పెట్టేశాను. చూస్తుండగానే గంటకి మూడు వందల ఫైళ్లు! మాట వినపడకపోతే మనిషి ఎంత చురుగ్గా పనిచేస్తాడో చెప్పలేను.

పందొమ్మిది రోజుల్లో అంతా పూర్తయింది. ఫెయిలైనవాటిని చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. కెమెరా కార్డుని తుడిచేశాను. నమ్మకం చాలక మళ్లీ తుడిచాను. ఆవిడ ఫోన్‌ని కూడా ఇదే తీరున శుభ్రం చేసి అల్లుడి చేతిలో పెట్టాను. "కొత్తదానిలా ఉంది మామయ్యగారూ!" అన్నాడు. నాకు ఎవరూ ఇవ్వని మెచ్చుకోలు అది.

ఇంత మేలు ఒక్కడినే అనుభవిస్తే ఎలా? పద్ధతినంతా పదకొండు సూత్రాలుగా ఒక కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి, బంధువుల గ్రూపులో పెట్టాను. స్టాఫ్‌రూమ్ నోటీసు బోర్డుకి ఒకటి గుచ్చాను. "ఈ ఆదివారం లోగా పూర్తి చేసి, చేసినట్టు తెలియజేయగలరు" అని కింద రాశాను. నా ఇన్నేళ్ల సర్వీసులో నేను చెప్పిన మాట విన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఈసారి మాత్రం, ఆశ్చర్యం, అందరూ విన్నారు! పెళ్లాం పోయినవాడు అడిగాడు కదా అనుకున్నారేమో. ఆదివారం సాయంత్రానికి గ్రూపు నిండా "పూర్తయింది మాస్టారూ", "పూర్తయింది బావా", "పూర్తయింది నాన్నా".

ఇక ఆ ఒక్క నిమిషం సంగతి.

మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అమ్మాయి పక్కన నిలబడి చూస్తుండగా, వీడియోల ఆల్బమ్ తెరిచాను. నలభై ఒక్క వీడియోలు. అన్నీ ఫస్టు క్లాసు. పెళ్లి వీడియో తెరిస్తే మొదటి నుంచి చివరి దాకా బ్యాండు మేళం. ఊరేగింపు తెరిస్తే కారు హారన్లు. సముద్రం తెరిస్తే సముద్రం. స్పష్టంగా, వెలుతురుగా, నిటారుగా ఉన్న నలభై ఒక్క వీడియోలు. ఎక్కడా అమ్మమ్మ మాట్లాడదు. మాట్లాడినవన్నీ ఆవిడ కెమెరా వెనక నిలబడి తీసినవి. అవి ఏమయ్యాయో మీకు చెప్పాను.

చివరికి బడి వార్షికోత్సవం దొరికింది. ఆరోజు ఆవిడ కెమెరాని బల్ల మీద నిలబెట్టి, వెళ్లి జనంలో కూర్చుంది. ముఖ్య అతిథి ప్రసంగం ముగిసింది, హాలంతా చప్పట్లు.

"ఇందులో అమ్మమ్మ ఉంది" అన్నాను.

"ఏదీ?"

"ఆ చప్పట్లలో."

పిల్ల చెవి స్పీకర్‌కి ఆనించింది. "ఏ చప్పట్లు తాతయ్యా? ఇవా, ఇవా?"

నేను లెక్కల మాస్టార్ని. నాలుగు వందల మంది చప్పట్లలోంచి ఒకరి చప్పట్లు విడదీసే లెక్క నాకు రాదు.

"ఒక్కటి కూడా లేదా నాన్నా?" అని అమ్మాయి అడిగింది. లేదన్నాను. "నా ఫోన్లో బోలెడు ఉండేవి నాన్నా. అమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు. కూర మాడిందనీ, నువ్వు గొడుగు మరిచిపోయావనీ... నీ కాగితం చూసి..." అని ఆపేసింది. సూత్రం నంబరు తొమ్మిది. "అవసరం తీరిన మాటలను ఉంచుకోరాదు." చక్కటి వాక్యమని ఆరోజు నేను మురిసిపోయిన మాట వాస్తవం.

పోయిన డేటా తీసి ఇచ్చే షాపు ఒకటి ఉందంటే, కంప్యూటర్ చంకలో పెట్టుకుని వెళ్లాను. అక్కడి కుర్చీలో ఉన్నాయన రెండు రోజులు దాన్ని దగ్గర ఉంచుకుని, మూడోరోజు నన్ను పిలిచాడు.

"చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారా సార్?"

"చేశాను."

"కార్డు తుడిచారా?"

"రెండుసార్లు."

"పోనీ ఆ తరవాత దాని మీద ఇంకేమీ ఎక్కించలేదు కదా?"

"సర్దిన ఆల్బమ్‌లన్నీ ఎక్కించాను. భద్రంగా ఉంటాయని."

ఆయన కళ్లజోడు తీసి నన్ను గౌరవంగా చూశాడు. "ఇక్కడికి వచ్చేవాళ్లంతా పొరపాటున పోగొట్టుకున్నవాళ్లే సార్. ఇంత పద్ధతిగా పోగొట్టుకున్నవారిని మిమ్మల్నే చూశాను."

ఇంకేం కావాలి? నిపుణుడి నోట వచ్చిన మాట కదా!

తరవాత బావమరిదికి ఫోన్ చేశాను. ఎక్కడ నలుగురు చేరినా అందరూ తమ ఫోన్లు ఆవిడ చేతికే ఇచ్చేవాళ్లు, "నువ్వయితే బాగా తీస్తావు" అని. నిజానికి బాగా తీసేది కాదు. తీసినంతసేపూ నవ్వించేది. కాబట్టి వాళ్ల ఫోన్లలో ఆవిడ గొంతు ఉండి తీరాలి.

"నువ్వు చెప్పావనే కదా బావా!" అన్నాడు బావమరిది. "రెండు రాత్రులు కూర్చుని తీసేశాను. అక్క నన్ను తిట్టినవి ఎన్ని ఉన్నాయో తెలుసా? ఒక్కొక్కటీ విని నవ్వుకుని, నీ రూలు ప్రకారం..." అంటున్నవాడల్లా, "ఫోన్ పెట్టకు బావా, ఉండు, ఇంకోసారి చూస్తాను" అన్నాడు. చూశాడు. లేవు. పిన్నిగారి దగ్గర లేవు. మా సైన్సు టీచరమ్మ దగ్గర లేవు. పక్కింటావిడ మాత్రం ఫోన్లో అన్నీ ఎక్కడివక్కడే వదిలేస్తుంది కదా అని ఆశపడి వెళ్లాను. "మీరే అన్నారుగా అన్నయ్యగారూ, కాస్త శుభ్రంగా పెట్టుకోమని!" అని, తళతళలాడే ఫోన్ తెచ్చి చూపించింది.

కాబట్టి పాఠకులారా, ఆల్బమ్‌లు కట్టడం వల్ల కలిగే లాభాలు ఇవి. నా పద్ధతిలో దోషం లేదు. ఎక్కడా తేదీ తప్పలేదు, వరస తప్పలేదు. ఎవరైనా వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. వెతికినది దొరకకపోవడం ఒక్కటే లోటు. అది కూడా అర నిమిషంలోనే తేలిపోతుంది.

అయినా ఒక్క మాట అడగాలి. ఇది చదివేవారిలో మాతో ఏ పెళ్లిలోనో, ఏ విహారయాత్రలోనో, ఏ బడి వేడుకలోనో నిలబడి ఫొటో దిగినవారు ఉండవచ్చు. నా సూత్రాల కాగితం మీ దాకా వచ్చీ ఉండవచ్చు.

తరగతి గదిలో రోజూ పొద్దున్నే నేను మొదట అడిగేది ఒకటే. ఇచ్చిన పని చేయనివాళ్లు ఎవరు? అడిగినప్పుడల్లా చేతిలో బెత్తం ఉండేది. లేచిన ప్రతి చేతికీ ఒక దెబ్బ. అందుకని ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

ఈరోజు బెత్తం లేదు. పని చేయనివాళ్లు మీలో ఒక్కరైనా ఉన్నారా? ఉంటే, దయచేసి, చెయ్యెత్తండి.