వంకర స్టిక్కర్

మనుషుల చేతికి రక్తం గొట్టం ఇవ్వడమంత ప్రమాదం ఇంకొకటి లేదని నా దృఢాభిప్రాయం. అందుకే మా ఆస్పత్రి ల్యాబ్‌కి ఆటోమేటిక్ మెషీన్ రావడం మనందరి అదృష్టం!

ఇదివరకు అక్కడ పరీక్షలు చేసేది ల్యాబ్ అక్క. ఇరవై ఆరేళ్ల సర్వీసు. పాత మెషీన్‌లో పెట్టబోయే ప్రతి గొట్టాన్నీ కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసేది. "ఎవరమ్మా రక్తం ఇంత మొరటుగా లాగింది? మళ్లీ తీయండి" అని వెనక్కి పంపేది. ఎంత టైమ్ వేస్టు! కొత్త మెషీన్‌కి ఈ చాదస్తం లేదు. ఇనప చెయ్యి గొట్టాన్ని అందుకుంటుంది, స్టిక్కర్ చదువుతుంది, రిపోర్టు పడేస్తుంది.

దానికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. స్టిక్కర్ నిటారుగా ఉండాలి. వెంట్రుకవాసి వంకరైనా గొట్టాన్ని బయటికి తోసేసి అలిగి కూర్చుంటుంది. మనుషులకు పని తగ్గించే యంత్రం కదా, అందుకని స్టిక్కర్లు అంటించడానికి నలుగురిని కొత్తగా పెట్టారు. అక్క చేతికి స్కేలు ఇచ్చి వాళ్ల మీద సూపర్‌వైజర్‌ని చేశారు. గొట్టం లోపల ఏముందో చూడటం ఇక ఆమె డ్యూటీ కాదు.

మొన్న మా ఆవిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్. పొద్దున్నే రక్తం తీశారు. స్టిక్కర్ భేషుగ్గా కుదిరింది. అరగంటలో రిపోర్టు వచ్చింది: పొటాషియం ప్రమాద స్థాయి. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని డాక్టరు గారు ఆపరేషన్ ఆపేశారు. రిపోర్టు పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాను.

అక్క స్కేలు పక్కన పెట్టి, ట్రేలోంచి ఆ గొట్టం తీసి కిటికీ దగ్గర ఎత్తింది. పైన లేత పసుపుగా తేరుకోవాల్సిన నీరు ఎర్రగా ఉంది.

"తీసేటప్పుడే రక్తకణాలు చితికిపోయాయి తమ్ముడూ. ఆ పొటాషియం వాటిలోంచి వచ్చిందే. మీ ఆవిడకేం కాలేదు, కూర్చో. నేనే మళ్లీ తీస్తాను."

తీసింది. హడావిడిలో స్టిక్కర్ కాస్త వంకరగా అంటించింది. మెషీన్ రెండుసార్లు తోసేసింది. అక్క దాన్ని సరిచేసి పెడితే మూడోసారి చదివి, అంతా నార్మల్ అంది. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్ అయిపోయింది. మా ఆవిడ కళ్లు తెరిచి నన్ను గుర్తుపట్టి విసుక్కుంది కూడా. ఆ విసుగు విని నేను కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం అక్కకి మెమో ఇచ్చారు. నేరాలు రెండు: అనుమతి లేకుండా శాంపిల్ ముట్టుకోవడం, స్టిక్కర్ వంకరగా అంటించడం. సబబే కదా! మెషీన్‌కి మాత్రం ఏ మెమో రాలేదు. తప్పు రిపోర్టు ఇచ్చిన గొట్టం మీద స్టిక్కర్ నిటారుగానే ఉంది మరి.

యాజమాన్యానికి నాదొక చిన్న విన్నపం. ఈ మెషీన్‌ని ఇంకా ఆధునికంగా మార్చండి. దానికొక కిటికీ, ఆ కిటికీ దగ్గర నిలబడి చూసే ఒక అక్కని బిగించండి.