ఆవకాయ చీటీ

పాండురంగం కొంప ముంచింది కేశవరావే. పాండురంగం భార్య లీలకు అన్న, అంటే పాండురంగానికి బావ, సిడ్నీలో తెలుగువాళ్లందరికీ అడగని సలహాదారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు చచ్చిపోతాయని భయపెట్టి రెండేళ్లు జీతం తిన్నాడు. జనవరి ఒకటిన ఒక్క దీపమూ ఆరలేదు, అతని ఉద్యోగం తప్ప. అప్పట్నుంచి టూంగాబీలో చెల్లెలి ఇంట్లో పెసరట్లు తింటూ కూర్చున్నాడు.

ఆ శనివారం పొద్దున పాండురంగం అనుకున్నది ఒకటే. గిరావీన్ స్టేషన్ ఎదుట ఖాళీగా ఉన్న కొట్టు అద్దెకు పట్టాలి. సంచీ తగిలించుకుని ఇంటింటికీ పచ్చళ్లు మొయ్యడం మానాలి. కొట్టు యజమానురాలు డాఫ్నీ అనే ముసలమ్మ. శనివారాలు పారమట్టాలో, ఒక పాతకాలపు ఇంట్లో పెట్టిన ఊరి చరిత్ర మ్యూజియాన్ని జీతం లేకుండానే చూసుకుంటుంది.

"వెళ్లగానే కొట్టు మాట ఎత్తకు పాండూ. ముందు మ్యూజియం మెచ్చుకో. ఆవిడేమన్నా ఎస్ మేడమ్ అను. రిలేషన్ బిల్డ్ అవ్వాలి," అన్నాడు కేశవరావు.

"నాకు ఇంగ్లీషు రాదు గదా బావా?"

"ఎస్ కూడా రాదా?"

మ్యూజియం అచ్చం ఎవరో కాపురమున్న ఇల్లే. తెరలు, భోజనాల బల్ల, అద్దంలా మెరిసే చెక్క నేల. పాండురంగానికి కాలు ముందుకు సాగలేదు. గుమ్మం బయటే బూట్లు విప్పాడు. వెనకే హైదరాబాదు ఇషాక్ కుటుంబంతో దిగాడు.

"అన్నా, ఈడ షూస్ ఇడ్వాల్నా?"

"ఇడిస్తే మంచిదేగా."

"అబ్బా, ఇట్స్ ఎ మ్యూజియం!" అన్నాడు కొడుకు అయాన్.

"చుప్! అంకుల్ ఇడిచిండు గదా," అంది ఇషాక్ భార్య అమీనా.

ఆ బూట్లు చూసి తరవాత వచ్చిన తెల్లవాళ్లు అదే రూలు కాబోలనుకున్నారు. మధ్యాహ్నానికి మెట్ల మీద చెప్పుల సంత. ఒక లావుపాటాయన అమీనా చెప్పుల్లో కాలు దూర్చబోతుంటే పాండురంగం ఇక ఆగలేకపోయాడు. సంచీలోంచి పచ్చడి సీసాలకు అంటించే పేర్ల చీటీలు తీశాడు. జతలో ఒకటి, మనిషి చేతిలో ఒకటి. లావుపాటాయన 'మాగాయ' చూపించి తన బూట్లు తీసుకుపోయాడు.

డాఫ్నీ మేజోళ్లతో బయటికొచ్చి కళ్లు తుడుచుకుంది. "నా నేలకి ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదు, డార్లింగ్! ఎవ్రీ సాటర్డే వస్తావా?"

"ఎస్ మేడమ్."

"పొద్దున్నించి సాయంత్రం దాకా?"

"ఎస్ మేడమ్!" రిలేషన్ బిల్డ్ అవుతోందని పాండురంగం పొంగిపోయాడు.

సాయంత్రం కేశవరావు దిగాడు. బూట్లు విప్పి, 'ఆవకాయ' చీటీ పట్టుకుని లోపలికి పోయి, అరగంటకు నవ్వుతూ వచ్చాడు.

"కొట్టు మాట ఎత్తావా బావా?"

"ఎత్తాను. శనివారమే బేరం జాస్తి, నువ్వేమో శనివారాలన్నీ ఆవిడకి రాసిచ్చేశావట. ఇంక కొట్టెవరు చూస్తారు? నా పేర రాసింది. ఏం ఫర్వాలేదు, నీ పచ్చళ్లు నా కొట్లోనే పెట్టుకో. కమీషన్ తరవాత మాట్లాడుకుందాం. ముందు నా బూట్లియ్యి."

పాండురంగం చీటీ అందుకుని మెట్ల కిందకి వంగాడు. చాలాసేపు వెతికాడు. కుడికాలి బూటొకటే దొరికింది.

ఆ శనివారం పాండురంగానికి పోయింది గిరావీన్ స్టేషన్ ఎదుట పద్నాలుగడుగుల వెడల్పు, ఇరవై రెండడుగుల లోతు. కేశవరావుకి, ఎడమకాలి బూటు.