సూర, ఒకటి

సూరాడ దానయ్య పేరు చేపల పట్టికలోకి ఎక్కిన రోజు నుంచి అతన్ని ఒడ్డుకు తీసుకురావడం నిబంధనలకు విరుద్ధమైంది. సరదాకి గాలం వేసే పెద్దమనుషుల్ని విశాఖ తీరం నుంచి లోపలి సముద్రంలోకి తీసుకెళ్లే పడవను నడిపే సరంగు అతను. పడవలోని మనుషుల్నీ పడిన చేపల్నీ ఒకే కాగితంలో రాసే గుమాస్తా దానయ్య పేట మనిషే. ఆ పేటలో సూరాడ వాళ్లను ముద్దుగా ‘సూర’ అనే అంటారు, పేరు రాసే గడిలోనూ అంతకు మించి చోటు లేదు. అలవాటు కొద్దీ ‘సూర, ఒకటి’ అని రాసేశాడు. ట్యూనా చేపను కూడా అక్కడ సూర అనే అంటారు. ఇంకేముంది! కాగితం చూసిన పై ఆఫీసుకు ఆ పేట తెలియదు, చేప తెలుసు.

సరదా వేటలో పడిన సూరను తూచాలి, ఫోటో తీయాలి, నీళ్లలో వదలాలి. దానయ్య అరవై రెండు కిలోలు తూగాడు. ఫోటోకు బుద్ధిగా నిలబడ్డాడు. ముప్పై మైళ్ల లోపలికి తీసుకెళ్లి వదిలి వచ్చారు. పాపం, సముద్రం అతనికి కొత్తేమీ కాదు.

భార్య మసేనమ్మ ఆఫీసుకు పరుగెత్తింది.

“బాబూ, ఆయన సేప కాదు, మనిసి. ముప్పయ్యేళ్లుగా ఎరుగుదును.”

“నిజమే అయ్యుంటుందమ్మా,” అన్నాడు అధికారి. మంచివాడు, కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. “కానీ పట్టికలోంచి తీసేయాలంటే చేప చచ్చిపోవాలి. అంత పని మనకెందుకు? మీరూ లైసెన్సు తీసుకుని గాలం వేసుకోండి.”

మంగళవారం ఆమె పడవలో టోపీల పెద్దమనుషుల మధ్య కూర్చుని వెళ్లింది. ఎలాగైనా మొగుణ్ణి ఇంటికి తెచ్చుకోవాలన్నదే ఆమె పట్టుదల. అందరూ ఖరీదైన ఎరలు వేశారు. ఆమె నెత్తళ్ల పులుసన్నం మూట గాలానికి కట్టి వదిలింది. మొదటిసారికే దానయ్య పడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

యాభై నాలుగు కిలోలు.

“సిక్కిపోనావేటి మావా!” అని ఆమె ఏడ్చేసింది.

“నీ సేతి కూడు లేకపోతే సిక్కిపోనా?” అంటూ అతను అన్నం గబగబా తిన్నాడు.

నీటి బయట రెండు నిమిషాలే గడువు. అది చేప క్షేమం కోసం పెట్టిన నియమం. మసేనమ్మ అతని చెయ్యి వదల్లేదు. “పాపం, దానికి నొప్పి పుడుతుందమ్మా,” అన్నాడొక పెద్దాయన, కళ్లు చెమర్చి.

దానయ్యే ఆమె వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు. “ఒగ్గెయ్యే. లేకపోతే నీ లైసెన్సు పీకేత్తారు. మళ్లీ మంగళారం రావద్దేటి?”

ఆమె వదిలింది.

ఒడ్డున గుమాస్తా వచ్చే వారం పడవ కాగితం తీసి ఆమె పేరు రాయబోయాడు. తన తప్పు అతన్ని ఇన్నాళ్లుగా తినేస్తోంది. “పిన్నీ, గడి పెద్దది సేసినారు. ఈసారి నీ ఇంటిపేరు పూర్తిగా రాసేత్తాను,” అన్నాడు.

మసేనమ్మ ఖాళీ అన్నం మూట మడిచి బొడ్లో దోపుకుంది.

“వద్దు నాయనా,” అంది. “నాదీ సూర అనే రాయి.”