ఎర్ర లైటు మీద నిపుణుల సంఘం

మా మంత్రిగారు తమ హయాంలో పాత బండి అనేదే ఉండదని ప్రకటించారు. అలాగని కొత్తవి కొన్నారనుకునేరు. రికార్డుల్లోంచి 'పాత' అనే మాట తీయించేశారు. ఇరవై రెండేళ్లు తిరిగిన అంబులెన్సుని ఇకమీదట 'అనుభవజ్ఞ వాహనం' అని రాయాలి. వాహనాల విభాగం గుమాస్తాగా ఆ ఉత్తర్వు టైపు చేసే భాగ్యం నాకే దక్కింది. అంతటితో ఆగితే ఆయన మంత్రి ఎందుకవుతారు? సోమవారం స్వయంగా ఆ అంబులెన్సులో కొండమీది ఆరోగ్య కేంద్రం దాకా వెళ్తానని, విలేకరులు వెంట రావచ్చని కూడా సెలవిచ్చారు.

బండికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు, ఆ వారమే దాని ఆయిల్ లైటు ఎర్రగా వెలగడం మొదలెట్టింది. దాన్ని పంతొమ్మిదేళ్లుగా నడుపుతున్న డ్రైవర్ని మేమంతా బాబాయ్ అంటాం. పొద్దున లైటు రావట్లేదని, ఇంజన్ బాగా వేడెక్కాక, దాన్ని ఆపకుండా బండి నిలిపి ఉంచితే వస్తోందని బాబాయ్ రిపోర్టు రాసి, బండిని మా షెడ్డులో మెకానిక్ అక్క దగ్గరికి తోలుకెళ్లాడు.

అక్కకి హోదాల మీద బొత్తిగా గౌరవం లేదు. ఏ ఫైలూ చూడకుండా నేరుగా బానెట్ ఎత్తింది. ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూస్తే మట్టం సరిగ్గానే ఉంది. ఆయిల్లో డీజిల్ కలిసిందేమోనని వాసన చూసింది, కలవలేదు. ఫిల్టర్ మార్చింది. లైటే అబద్ధమాడుతోందేమోనని ఇంజన్‌కున్న ఆ లైటు స్విచ్ విప్పి, ఆ కన్నంలో తన సొంత ప్రెషర్ గేజ్ బిగించింది. చల్లగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా నిలబడింది. అరగంట తిరిగొచ్చేసరికి సున్నా దగ్గరికి జారి కూర్చుంది.

"లైటు నిజమే చెబుతోంది సార్," అంది మా పెద్దసారుతో. "లోపల బేరింగులు అరిగిపోయినట్టున్నాయి. వేడికి ఆయిల్ పల్చబడి ఆ సందుల్లోంచి కారిపోతోంది. ఇంజన్ విప్పాలి. మూడు వారాలు పడుతుంది."

"మూడు వారాలెందుకమ్మా? ఆ లైటు పీకేస్తే పోతుందిగా."

"లైటు పోతుంది సార్. ప్రెషర్ రాదు."

ఇంత సూక్ష్మమైన విషయాన్ని ఒక్క మెకానిక్ మాట మీద తేల్చడం పద్ధతి కాదని పెద్దసారు ముగ్గురితో నిపుణుల సంఘం వేశారు. అందులో ఒక పౌరసంబంధాల అధికారి, ఒక ఆడిటరు, వంతెనలు కట్టి రిటైరైన ఒక ఇంజనీరు. వాళ్లు రెండు రోజులు ఏసీ గదిలో తలలు బద్దలు కొట్టుకున్నారు. బానెట్ తెరవడం సంఘం పరిధిలోకి రాదు కాబట్టి తెరవలేదు. చివరికి అసలు సమస్య పట్టేశారు. ఎరుపు ప్రతిపక్షం జెండా రంగు. ప్రభుత్వ బండిలో అది వెలగడం యాదృచ్ఛికం కాదు. కనుక లైటుకి పచ్చగాజు బిగించాలని సిఫారసు చేశారు. గంటలో బిగించారు. సిఫారసు అంత వేగంగా అమలైంది మా ఆఫీసు చరిత్రలో అదొక్కటే.

ఫిట్‌నెస్ కాగితం మీద అక్క సంతకం పెట్టలేదు. షెడ్డు రిజిస్టర్లో 'ఈ బండి నడపకూడదు' అని రాసి, చేతులు కడుక్కుంది. వంతెనల ఇంజనీరు పెద్దమనసుతో ఆ సంతకం తానే పెట్టారు. అక్క మాత్రం బాబాయ్‌ని పక్కకి పిలిచి, ఇంజన్లోంచి టకటక శబ్దం వస్తే ఎవరి మొహమూ చూడకుండా తాళం తిప్పి ఇంజన్ ఆపేయమని చెప్పింది. బాబాయ్ రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది.

సోమవారం మంత్రిగారు దండలతో సహా ముందు సీట్లో కూర్చున్నారు. పెద్దసారూ, ఫైలు పట్టుకుని నేనూ వెనక స్ట్రెచర్ పక్కన సర్దుకున్నాం. ఊరేగింపు నత్తనడక నడవడంతో ఇంజన్ త్వరగానే వేడెక్కింది.

"ఈ పచ్చ లైటేంటయ్యా?" అని అడిగారు మంత్రిగారు.

పెద్దసారు తడుముకోలేదు. "అభివృద్ధి సార్."

"ఆరిపోకుండా చూసుకోండి," అన్నారాయన.

అదెక్కడ ఆరుతుంది!

కొండ సగం ఎక్కేసరికి టకటక మొదలైంది. బాబాయ్ అద్దంలో వెనక వస్తున్న నలభై కార్లనీ చూశాడు. తాళం తిప్పేశాడు. వెంటనే స్టార్ట్ చేయమని పెద్దసారు హూంకరించారు.

"చేస్తే ఇంజన్ పట్టేస్తుంది సార్. మళ్లీ పేషెంట్లకి పనికిరాదు."

"లోపల మంత్రిగారున్నారయ్యా."

"అందుకే చెబుతున్నా సార్."

పెద్దసారు కార్యశూరులు. బాబాయ్‌ని దింపేసి స్టీరింగు తామే పట్టుకున్నారు. బండి రెండు వందల గజాలు ఎక్కి, లోపలెవరో ఇనప బీరువా పడేసినట్టు చప్పుడు చేసి, శాశ్వతంగా ఆగిపోయింది. ఆ కుదుపుకో, నడినెత్తిన ఎండకో మంత్రిగారు గుండె పట్టుకుని పక్కకి ఒరిగారు. వెనకున్న నలభై కార్లలో రోగిని ఎక్కించడానికి ఉత్తర్వుల్లేవు. అదే అంబులెన్సులో, అదే స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, పెద్దసారు అంబులెన్సుకి ఫోన్ చేశారు.

అవతల గొంతు చాలా మర్యాదగా చెప్పింది. "ఈ ప్రాంతానికి అంబులెన్సు ఒక్కటేనండి. ప్రస్తుతం మంత్రిగారి దగ్గరుంది. ఖాళీ కాగానే పంపిస్తాం."

బాబాయ్ ఫోన్ చేస్తే అక్క తన సరుకుల వ్యానేసుకుని వచ్చింది. మంత్రిగారు అందులోని టైర్ల మధ్య పడుకుని ఆసుపత్రికి చేరారు. వడదెబ్బ తప్ప మరేం లేదన్నాడు డాక్టరు. 'సామాన్యుడిలా అంబులెన్సు కోసం ఎదురుచూసిన మంత్రి' అని మర్నాడు పేపర్లన్నీ ఆకాశానికెత్తాయి. తాళం తిప్పినందుకు బాబాయ్‌ని సస్పెండ్ చేశారు. అక్కకి మెమో ఇచ్చారు. దాన్నీ నేనే టైపు చేశాను, ఒక్క అక్షరదోషం లేదు: 'బండి ఆగిపోతుందని ఆరు రోజుల ముందే మీకెలా తెలిసింది? దీని వెనక ఎవరున్నారు? మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

షెడ్డుకెళ్లి మెమో అందించాను. అక్క గుడ్డతో చేతులు తుడుచుకుని, నిదానంగా చదివి, ముట్టినట్టు సంతకం పెట్టింది.

"ఇవాళ ఎవరికైనా నొప్పులొస్తే ఏ బండి వెళ్తుంది?" అని అడిగింది.

నేను మెమో మళ్లీ మొదట్నుంచీ జాగ్రత్తగా చదివాను.

"ఆ పాయింటు ఇందులో లేదక్కా," అన్నాను.