బ్రూనెట్ ఎవరి ఆవు?

నార్మండీ పల్లెలోని ఆ ఇంట్లో లియోంటీన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కుందేళ్లు అమ్ముకొస్తానని పొద్దున్నే సంతకు వెళ్లిన మొగుడు అన్సెల్మ్ కుందేళ్లతోనే తిరిగొచ్చాడు. వెనకే పక్క పొలం బార్నబే.

"కుందేళ్లు అమ్ముడుపోలేదా?"

"ఆవును అమ్మేశా. బార్నబేతో చెయ్యి చరిచా."

సంతలో అరచేతులు చరుచుకుంటే బేరం తెగినట్టే. ఆ తరువాత మాట వెనక్కి తీసుకోవడం ఆ ఊళ్లో ఎవరి ఇంటా వంటా లేదు.

లియోంటీన్ చేతిలోని గింజలు గిన్నెలో పడేసింది. "నా బ్రూనెట్‌నా? సీసాతో పాలు పట్టి పెంచిన దాన్నా? నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగితే ఒప్పుకోవుగా!"

"బెంగపడకు వదినా, ఆదివారం దాకా ఇక్కడే ఉంటుందిలే," అన్నాడు బార్నబే, దర్జాగా కుర్చీ లాక్కుంటూ.

అంతలో నోటరీ ఓర్టాన్స్ గారు కొరికేసిన క్యాబేజీ మోడు పట్టుకుని లోపలికొచ్చింది. చుట్టుపక్కల ఇల్లు చేతులు మారాలన్నా, పొలం చేతులు మారాలన్నా అందరూ పోయేది ఆవిడ దగ్గరికే.

"బ్రూనెట్ కంచె విరగ్గొట్టి నా తోటంతా మేసేసింది. ఎవరిదీ పూచీ?"

"అది బార్నబే ఆవండీ," అన్సెల్మ్ చటుక్కున అన్నాడు. "చెయ్యి చరిచాక నాకేం సంబంధం?"

"పలుపు నా చేతికి రాందే నాదెలా అవుతుందయ్యా?" బార్నబే లేచి నిలబడ్డాడు.

"పాపం, క్యాబేజీల మధ్యే ఈనింది కూడా," అంది నోటరీ. "పెయ్యదూడ."

పెయ్యదూడ అనగానే ఇద్దరూ ఒక్క అడుగు ముందుకేశారు.

"నేనింకా పలుపు ఇవ్వలేదుగా!" అన్నాడు అన్సెల్మ్.

"చెయ్యి చరిచాక ఆవు నాదే! దూడా నాదే!" అన్నాడు బార్నబే.

"ఇందాక కాదన్నావు! అది నోరా, గాలిమరా?"

"నీది మాత్రం?"

నోటరీ క్యాబేజీ మోడుతో బల్ల మీద కొట్టింది. "ఆపండి! మన చట్టంలో వస్తువూ ధరా కుదిరిన క్షణాన్నే సొంతదారు మారిపోతాడు. పలుపుతో పనిలేదు. ఆవు బార్నబేది, దూడ బార్నబేది, పోయిన నా తోట బాధ్యతా బార్నబేదే."

లియోంటీన్ గిన్నె పక్కకు జరిపింది. "తనది కాని ఆవును అమ్మితేనో, అమ్మా?"

"ఆ అమ్మకం చెల్లదు."

"బ్రూనెట్‌ని దూడగా ఉన్నప్పుడే మా నాన్న నా ఒక్కదానికే ఇచ్చాడు. ఊరందరికీ తెలుసు. ఈయనే మరిచాడు."

నోటరీ నవ్వు దాచుకుంది. "అయితే ఆవూ దూడా నీవే. నా తోట కూడా నీ మెడకే చుట్టుకుంటుంది మరి."

"చుట్టుకోనివ్వండి. తవ్వి నాటడానికి మనిషున్నాడు," అంటూ లియోంటీన్ మొగుడి వైపు చూసింది. ఆ చూపులో కోపం సగమే.

అన్సెల్మ్ టోపీ పెట్టుకుని, మూలనున్న పార అందుకుని బయటికి నడిచాడు.

క్యాబేజీలు మళ్లీ గడ్డలు వేసేదాకా ఆ చేతులకు సంతలో చరుచుకునే పని పడలేదు.